మునగాకు పొట్లం, ఓబులమ్మ పప్పు

ల్యాబులో కొత్తగా చేరే పిల్లలు మొదట అడిగేది మెషీన్ల గురించే. ఏ మెషీన్ ఉంది, ఎంత కొత్తది, మమ్మల్ని ముట్టుకోనిస్తారా అని. వాళ్ళను అనడానికి లేదు, నేనూ అలాగే అడిగాను. బెంగళూరులో ఒక ఆహార పరిశోధనశాలలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాక మాత్రం, నీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే నా జవాబు వేరే. మనిషి నిజంగా ఏం తిన్నాడో తెలుసుకోవడం నా ఉద్యోగం. మెషీన్లు, గ్రాఫులు, పేపర్లు అన్నీ దాని తర్వాతే. ఈ ముక్క నా బుర్రకెక్కడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది, అదీ ఒక పప్పుగిన్నె ముందు కూర్చున్నాక.

ప్రమోషన్ల గురించి రాయను. అవి నాకు ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక పనికి దూరం చేశాయి. నేను చేసిన తప్పుల గురించి రాస్తాను. వాటి వల్లే నాలుగు విషయాలు తెలిశాయి.

మేం కొలిచేది ఏమిటి

ఫలానా ఆకు తింటే మీ జీన్లు మారిపోతాయని ప్రకటనల్లో చెబుతుంటారు. అదంతా చెవిలో పువ్వు పెట్టడం. అమ్మానాన్నల నుంచి వచ్చిన జీను అలాగే ఉంటుంది. అది ఎంత పని చేస్తుందన్నదే మారుతుంది.

మా వీధికి కావేరి నీళ్ళు వదిలే వాల్వ్‌మన్ ఒకాయన ఉన్నాడు. పైపులు ఎప్పుడో భూమిలో వేసినవి, వాటిని ఆయన మార్చడు. పొడుగాటి ఇనుప తాళం తెచ్చి ఒక సందుకు ఎక్కువ తిప్పుతాడు, ఇంకో సందుకు తక్కువ తిప్పుతాడు. మొక్కల్లోని కొన్ని పదార్థాలు ఒంట్లో చేసేది ఇంచుమించు అదే పని. జీను పని చేస్తున్నప్పుడు తన నకళ్ళు కొన్ని తీస్తుంది. వాటి పేరు ఆర్‌ఎన్‌ఏ. చేతికి సూది వేసి రక్తం తీసుకుని, అందులోని కణాల్లో ఏ జీనుకు ఎన్ని నకళ్ళు ఉన్నాయో లెక్కపెడితే, ఏ వాల్వు ఎంత తిరిగిందో తెలుస్తుంది.

చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు తలప్రాణం తోకకు వస్తుంది. ఆర్‌ఎన్‌ఏ మహా సుకుమారం. చేతి చెమట తగిలినా పాడైపోతుంది. ఊరి ఆ చివరనున్న బెళ్ళందూరు నుంచి మా ల్యాబున్న మల్లేశ్వరం దాకా రక్తం సీసాల ఐసు పెట్టె ఒళ్ళో పెట్టుకుని, రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో కూర్చుని, ఐసు ఎంత కరిగిందో మూత ఎత్తి చూసుకుంటూ వచ్చిన రోజులు నాకు చాలా ఉన్నాయి.

గాజు పళ్ళెంలో అన్నీ పనిచేస్తాయి

చేరిన కొత్తలో నాకు పసుపు అప్పగించారు. గాజు పళ్ళెంలో పెంచిన కణాల మీద పసుపులోని పదార్థం పోస్తే జీన్లు టపటపా కదిలాయి. ఒక వారం నేల మీద నడవలేదు నేను. అప్పటి మా పెద్దాయన, చాలా తక్కువ మాట్లాడే మనిషి, కాగితం చూసి ఒకటే అడిగారు.

"ఈ మోతాదు మనిషి రక్తంలోకి చేరాలంటే ఎంత పసుపు తినాలమ్మా?"

లెక్క వేసి చూశాను. రోజూ ఒక సంచి తిన్నా చాలదు. ఎందుకంటే పసుపులో చాలా భాగం పేగు దాటి లోపలికే రాదు. పైగా దాని పచ్చరంగు మా మెషీన్ కంటికి అడ్డుపడి, లేని వెలుగును ఉన్నట్టు చూపించిందని తర్వాత తేలింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పటికీ ఎవరైనా గాజు పళ్ళెం ఫలితం పట్టుకుని కళ్ళు మెరిపిస్తూ వస్తే, నా నోటికి ఆ పెద్దాయన ప్రశ్నే వస్తుంది. మీరు కూడా అది అడగడం అలవాటు చేసుకోండి.

నీడన ఆరిన ఆకు

తర్వాత నేను చాలా ఏళ్ళు మునగాకు మీద పనిచేశాను. మునగాకులో ఒక తమాషా ఉంది. దానిలోని అసలు పదార్థం ఆకులో సిద్ధంగా ఉండదు. ఆవాలు నూరితే ముక్కుకు తగిలే ఘాటు గింజలో ముందే ఉండనట్టే. ఆకు నలిగినప్పుడు, అందులోనే వేరేగా ఉన్న ఒక ఎంజైము వచ్చి తాకితే, అప్పుడు పుడుతుంది. ఒంట్లో విషాలను బయటికి తోసే జీన్ల వాల్వు తిప్పేది ఆ పుట్టిన పదార్థమే. ఆకును ఉడికిస్తే ఎంజైము చస్తుంది. కూర రుచిగానే ఉంటుంది, బలమూ ఉంటుంది, ఈ ఒక్క పని మాత్రం చేయదు.

ఇది తెలిసి కూడా మొదటి విడత ఆకును వేడి ఓవెన్‌లో ఎండబెట్టించిన మహానుభావురాలిని నేనే. పొడి పచ్చగా, చూడముచ్చటగా వచ్చింది. అందులో ఏమీ లేదు. తర్వాత చిక్కపేటకు పోయి తానుల కొద్దీ మల్లు గుడ్డ కొనుక్కొచ్చి, హొసకోటె దగ్గరి తోట నుంచి తెప్పించిన ఆకును మేడ మీద పందిరి కింద నీడన ఆరబోశాం. ఆ పొడి నాలుక మీద వేసుకుంటే సన్నగా ఘాటు తగిలింది. ల్యాబులో అందరం చల్లని మజ్జిగలో కలుపుకుని కొన్నాళ్ళు తాగాం. మా రక్తంలో ఆ జీన్ల నకళ్ళు కొంచెం పెరిగాయి. కొంచెమే అయినా, పెరిగాయి.

రుక్సానా థీసిస్

ఇక అసలు సంగతి. రుక్సానా అని హిందూపురం అమ్మాయి నా దగ్గర పిహెచ్‌డికి చేరింది. నాదీ హిందూపురమే కాబట్టి ఇద్దరం ఊరి యాసలో మాట్లాడుకునేవాళ్ళం, పక్క బల్లవాళ్ళు నవ్వేవాళ్ళు. మొండిపిల్ల. చేతులు మాత్రం బంగారం, ఆమె తీసిన ఆర్‌ఎన్‌ఏ ఎప్పుడూ చెడిపోలేదు.

ఆమె థీసిస్ మొత్తం ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది. మునగాకు పొడి మామూలు మనుషుల్లో, మామూలు మోతాదులో ఆ జీన్ల పని పెంచుతుందా? బెళ్ళందూరులో అపార్ట్‌మెంట్లు కట్టే చోట రేకుల షెడ్లలో ఉండే ఆడవాళ్ళను అడిగాం. దుమ్ములో, సిమెంటులో పనిచేసేవాళ్ళు. ఎక్కువమంది కదిరి, ముదిగుబ్బ వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఒప్పుకున్నవాళ్ళను రెండు జట్లు చేశాం. ఒక జట్టుకు మునగాకు పొడి పొట్లాలు, ఇంకో జట్టుకు అచ్చం అలాగే కనిపించే తోటకూర పొడి పొట్లాలు. ఎవరికి ఏది వెళ్ళిందో వాళ్ళకూ తెలియదు, మాకూ తెలియదు. రోజుకొకటి చొప్పున ఆరు వారాలు.

వాళ్ళు తాగుతున్నారో లేదో చూసే బాధ్యత నాది. నేనొక పద్ధతి పెట్టాను. ప్రతి శనివారం ఖాళీ పొట్లాలు తెచ్చివ్వాలి. ఖాళీలు లెక్కపెట్టి రిజిస్టర్‌లో సంతకం చేస్తాను. ఒక్క పొట్లం తగ్గితే ఒట్టు. వారం వారం అన్నీ చక్కగా మడిచి తెచ్చారు. ఇంత బుద్ధిగా ఉండేవాళ్ళను నా సర్వీసులో చూడలేదని మీటింగులో గొప్పలు కూడా చెప్పాను.

ఆరు వారాల తర్వాత రక్తాలు తీశాం. రెండు జట్లకూ తేడా లేదు.

రుక్సానా మళ్ళీ కొలిచింది, ఇంకోసారి కొలిచింది. తేడా లేదు. అప్పటికి ఆమె ఫెలోషిప్‌లో మిగిలింది నాలుగు నెలలు. అది అయిపోతే జీతం ఆగిపోతుంది, థీసిస్ లేకుండా ఊరికి వెళ్ళిపోవాలి. ఐదేళ్ళ పని.

మా డైరెక్టరు మూర్తి సార్ కోలారు మనిషి, ఇంట్లో తెలుగే. ఫలితాలు చూసి కుర్చీలో వెనక్కి వాలారు.

"పళ్ళెంలో పనిచేస్తాది, మనిషిలో చెయ్యదు. అంతే ఉండాది. రాసేసి ముగించండి" అన్నారు.

"మేం తాగినప్పుడు పెరిగింది కదా సార్" అన్నాను.

"మీరు ఏసీలో కూర్చొని తాగినారు. వాళ్ళు సిమెంటు మోస్తా ఉండారు. ఎన్ని తేడాలు ఉంటాయో మధ్యలో."

మాట సబబుగానే ఉంది. కానీ నాకు మింగుడు పడలేదు.

ఆదివారం పప్పు

ఆదివారం పూట ఫారాలు, పెన్ను, ఐసు పెట్టె ఏవీ తీసుకోకుండా ఒక్కదాన్నే బెళ్ళందూరు షెడ్లకు వెళ్ళాను. అలా వట్టి చేతులతో వెళ్ళడం అదే మొదటిసారి. మునగాకు జట్టులో ఉన్న ఓబులమ్మ గుమ్మం ముందు బట్టలు పిండుతోంది. ముప్ఫై ఐదేళ్ళు ఉంటాయేమో. ఇద్దరు ఆడపిల్లలు, అత్త, భర్త. నన్ను చూసి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఏమమ్మా, ఆదివారం కూడా రగతం తీస్తారా?"

"లేదు ఓబులమ్మా, ఊరికే వచ్చినా."

"ఊరికే వస్తే తిని పోవల్ల. కూకోండి."

సంగటి ముద్ద, మీద పప్పు పోసింది. బాగుందన్నాను. ఆమె పెదవి విరిచింది.

"ఏం బాగమ్మా. మీ పొట్లాలు అయిపోయినప్పట్నించి పప్పు సప్పగుండాదని మా అత్త ఒకటే గొణుగుడు. ఇంగా ఇస్తారేమో అడగల్లనుకుంటి."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"పప్పులో వేసినావా?"

"దినామూ ఏసినా. పప్పు ఉడుకుతా ఉంటే పొట్లం తుంచి కలిపేసేది. అందురమూ తింటిమి."

"నిన్ను మజ్జిగలో కలుపుకుని తాగమని చెప్పినాం కదమ్మా."

ఓబులమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. కోపం లేదు అందులో. ఇంత చదివిన ఆడమనిషికి ఈమాత్రం తెలియదా అన్నట్టు చూసింది.

"మంచిదని మీరే సెప్తిరి. ఇద్దురు బిడ్లు ముందర కూకోని సూస్తాంటే, నేనొక్కదాన్నే యట్ల తాగేదమ్మా? గొంతులో దిగుతాదా?"

ఆ మధ్యాహ్నం షెడ్డు షెడ్డుకూ తిరిగాను. ఒకావిడ సంగటిలో కలిపింది. ఒకావిడ రసంలో వేసింది. ఒకావిడ పొట్లాలన్నీ భర్తకే ఇచ్చింది, ఆయన పైఅంతస్తుకు బస్తాలు మోస్తాడు కాబట్టి. మజ్జిగలో కలుపుకుని తాను మాత్రమే తాగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎన్ని పొట్లాలు మిగిలాయని అడిగాం, మిగల్లేదన్నారు. పొట్లంలోది ఎవరి కడుపులోకి వెళ్ళిందని మేం అడగనే లేదు.

మా అమ్మ కూడా అంతే. డాక్టరు ఆమెకు రాసిన టానిక్ మా అయిదుగురికీ తలా ఒక చెంచా పోసి, సీసా కడిగిన నీళ్ళు తాను తాగేది. ఆ ఇంట్లో పుట్టి పెరిగి, ఖాళీ పొట్లాలు లెక్కపెట్టి సంతకాలు చేశాను చూడండి, అందుకు నన్ను నేనే తిట్టుకుంటూ బస్సెక్కాను.

రిజిస్టర్‌లో సంతకం

సోమవారం పొద్దున రుక్సానాకు చెప్పాను.  ఆమె శుభ్రంగానే ఉన్న బల్లను మళ్ళీ తుడిచింది. "అంటే మేడమ్, ఆకు పనిచెయ్యదని తేలలేదు. మనం దానికి అవకాశమే ఇవ్వలేదు" అంది. నా మీద కోప్పడి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

మూర్తి సార్ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆయన అంతా విని, ఫలితాల కాగితం దగ్గరికి లాక్కుని, ఎవరిది ఏ జట్టో చూడకుండానే పెన్సిల్‌తో నాలుగు పేర్ల దగ్గర గీత పెట్టారు.

"ఈ నలుగురికీ జీను పని పెరిగి ఉండాది కదా. వీళ్ళు సరిగా తాగినవాళ్ళు. వీళ్ళని పెట్టుకోండి, మిగతావాళ్ళు మాట వినలేదని తీసేయండి. పిల్ల థీసిస్ నిలబడతాది."

రుక్సానా నా వైపు చూసింది. ఆ చూపులో ఆశ లేదని చెబితే అబద్ధమవుతుంది. నాకూ ఒక్క క్షణం మనసు లాగింది. ఆమె పని చెడగొట్టింది నేను, ఇలా సర్దేస్తే నా తప్పు కూడా కనబడకుండా పోతుంది.

"సార్, వాళ్ళల్లో ఇద్దరిని నేను నిన్న కలిశాను" అన్నాను. "వాళ్ళూ ఉడికించి తిన్నవాళ్ళే. అందులో ఒకావిడది తోటకూర జట్టు."

సార్ పెన్సిల్ కింద పెట్టేశారు. 

"రిజిస్టర్‌లో సంతకం ఎవరిది?"

"నాది సార్."

"అయితే జరిగింది జరిగినట్టు నువ్వే రాసియ్యి. నీ పేరుతోనే. ఇంకొక్కసారి కొలిచేదానికి కిట్లు ఇప్పిస్తాను. అంతకు మించి నా చేతిలో లేదు."

రాసిచ్చాను. ఆ కాగితం మీద ల్యాబు కమిటీలో నన్ను బాగానే ఉతికారు. ఒకాయన, ఈమెకు ఇన్నేళ్ళ అనుభవం దేనికని మొహం మీదే అన్నాడు. ఒళ్ళు మండింది, అయినా ఆయన అన్నది అబద్ధం కాదు. మూర్తి సార్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ పెన్సిల్ గీతలు ఆయన దుర్మార్గంతో పెట్టలేదు, పిల్ల మీద జాలితో పెట్టారు. మన పనిలో ఎక్కువ తప్పులు జాలితోనే జరుగుతాయి. తప్పని తెలిశాక వెనక్కి తీసుకున్నారు కాబట్టి ఈరోజుకీ ఆయనంటే నాకు గౌరవం.

గేటు దగ్గర గ్లాసు

రెండోసారి ఎలా చేయాలో చెప్పింది ఓబులమ్మే. "ముందర ఇంట్లోవాళ్ళకు ఏందన్నా ఇయ్యండమ్మా. ఆ పైన నాకిస్తే నేను తాగుతా" అంది. సరేనని, ప్రతి ఇంటికీ వారానికి రెండు కట్టల పచ్చి మునగాకు తోట నుంచి తెప్పించి ఇచ్చాం. పప్పులో వేసుకోమన్నాం. ఉడికిన ఆకు మేం కొలిచే జీన్లను కదిలించదు, పైగా రెండు జట్లకూ సమానంగా ఇచ్చాం కాబట్టి లెక్క తప్పదు. పొట్లాలు ఇళ్ళకు పంపడం మానేశాం. రుక్సానా పొద్దున్నే పని మొదలయ్యే వేళకు సైటు గేటు దగ్గర బల్ల వేసుకుని, గ్లాసులో చల్లని మజ్జిగ పోసి, పొడి కలిపి, ఒక్కొక్కరి చేతికి ఇచ్చేది. తాగేదాకా అక్కడే నిలబడేది. ఆరు వారాలు ఆ బల్ల ఒక్క రోజు కూడా ఆగలేదు. ఒకసారి ఆమెకు జ్వరం వస్తే నేను వెళ్ళాను. ఆడవాళ్ళు నా మజ్జిగ పులుపని మొహం చిట్లించారు.

రక్తాలు తీశాం. కొలిచేటప్పుడు రుక్సానా నన్ను గదిలోకి రానివ్వలేదు. బయట వరండాలో కూర్చున్నాను. సాయంత్రం తలుపు తీసి కాగితం నా చేతిలో పెట్టి, నా భుజం మీద తల ఆనించి ఏడ్చింది. మునగాకు జట్టులో నకళ్ళు పెరిగాయి. మేం తాగినప్పుడు పెరిగినట్టే, కొంచెం. దీనితో ఏ రోగమూ కుదరదు, ఎవరి ఆయుష్షూ పెరగదు, అలా చెప్పేవాళ్ళను నమ్మకండి. కానీ ఆ కొంచెం నిజం. థీసిస్‌లో ఆమె మొదటి ప్రయోగం తప్పిన సంగతి కూడా ఒక పూర్తి అధ్యాయంగా రాసింది, నా రిజిస్టర్‌తో సహా. నేనే రాయమన్నాను. డిగ్రీ వచ్చింది. ఇప్పుడు ఆమెకు సొంత ల్యాబు ఉంది.

నేను రిటైరయ్యే ముందు మేమిద్దరం చేసిన చివరి పని, రక్తం ఇచ్చిన ప్రతి ఆవిడకూ ఆమె ఫలితం చెప్పి రావడం. ఓబులమ్మ షెడ్డులో స్టవ్ పక్కన కూర్చుని కాగితం మీద రెండు నిలువు గీతలు చూపించాను.

"ఈ పొట్టిది నువ్వు పప్పులో వేసినప్పటిది. ఈ పొడుగుది గేటు దగ్గర తాగినప్పటిది. ఇది నీ ఒంట్లోదే, ఇంకెవరిదీ కాదు."

ఓబులమ్మ పొడుగు గీత మీద వేలు పెట్టి కింద నుంచి పైదాకా మెల్లగా జరిపింది.

"ఇంత పెరిగిందంటే ఆకు వల్లనేనా అమ్మా?"

"ఆకు వల్లనే" అంది రుక్సానా.

"ఏమోమ్మా" అంది ఓబులమ్మ ఆమె వైపు తిరిగి. "నా పెండ్లయినప్పట్నించి, ముందర నువ్వు తాగు, తాగినాంకనే నేను పోతానని గ్లాసు పట్టుకొని నా ముందర నిలబడింది నువ్వొక్కదానివే."

 మా మెషీన్లలో దాన్ని కొలిచేది ఏదీ లేదు. ఓబులమ్మ ఆ కాగితం అడిగి తీసుకుని, మధ్యకు మడిచి, రేకు గోడకు తగిలించిన సంచిలో రేషను కార్డు పక్కన పెట్టుకుంది. తర్వాత మా ఇద్దరికీ పప్పు పోసి, తాను కూడా కంచం పెట్టుకుని మాతో పాటే తినడానికి కూర్చుంది.